క్రైస్తవ దైవప్రబోధము - తెలుగు దేశము

క్రైస్తవ సంఘమునందు భగవంతుని స్వభావమును గూర్చియు, ఆయనకు మానవులతో గల సంబంధమును గూర్చియు, వేదికమీద గాని చెట్టునీడను గాని ఇంటి వాకిట గాని జనసమక్షమున జరుగు బోధకు ప్రబోధమని పేరు. తెలుగు క్రైస్తవులు వాడుకలో దీనిని ప్రసంగమందురు. పల్లెలలో వాక్యము చెప్పుట యందురు. సమాజము కులములుగా చీలి, దారిద్ర్యముచేతను రోగముచేతను పీడితమై యున్నచోట ఈ ప్రబోధమునకు రెండు ప్రశ్నలు ఎదురగుచుండును. దేవుడు న్యాయవంతుడును దయామయుడును అయినచో కొందరు తరతరములుగా ఊరివెలుపల ఏల బ్రతుకవలసి వచ్చినది? ఒక్క తండ్రి బిడ్డలమని చెప్పుకొనువారు ఒక్క గిన్నెలోనిది త్రాగుటకు ఏల వెనుదీయుచున్నారు? తెలుగు దేశమున గడచిన రెండు శతాబ్దములలో జరిగిన క్రైస్తవ ప్రబోధమును ఈ రెండు ప్రశ్నలకు అది ఈయగలిగిన, ఈయజాలకపోయిన ఉత్తరములనుబట్టి పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ ప్రబోధమునకు మూలాధారము బైబిలు గ్రంథము. నిర్గమకాండమున దేవుడు మోషేకు ప్రత్యక్షమై చెప్పిన ముఖ్య విషయము, ఐగుప్తు దేశమున వెట్టిచాకిరి చేయుచున్న జనుల మొర తాను వింటినన్నదే. క్రీస్తుపూర్వము 8వ శతాబ్దమున తెకోవ గ్రామపు పశువులకాపరియైన ఆమోసు, దరిద్రులను అణగద్రొక్కుచు పండుగలు చేయువారి ఆరాధన దేవునికి అసహ్యమని బహిరంగముగా పలికెను. నిష్కారణముగా దుఃఖపడిన యోబు గాథ, పాపఫలముగానే బాధ కలుగునను సులభ సిద్ధాంతమును నిరాకరించినది. నజరేతు ప్రార్థనామందిరమున యేసు చేసిన ప్రసంగము బీదలకు సువార్తయు, చెరలోనివారికి విడుదలయు ప్రకటించినది. సిలువ వృత్తాంతమున దేవుడే బాధితుల పక్షమున బాధితుడుగా కన్పట్టును. తరువాతి కాలమున, 4వ శతాబ్దమున, కైసరియ నగరమున క్షామము వచ్చినపుడు తరువాత అచ్చటి బిషప్పయిన బాసిలు, ధాన్యము దాచుకొన్న ధనికులనుద్దేశించి చేసిన ప్రసంగములును, 1511వ సంవత్సరమున హిస్పానియోలా ద్వీపమున ఆంటోనియో డి మాంటెసినోస్ అను సన్యాసి, ఆదిమజనులను హింసించుచున్న స్పానిషు వలసదారులను వారి ఎదుటనే నిలిచి మందలించిన ప్రసంగమును ఈ సంప్రదాయమున ప్రసిద్ధములు. అయితే బాసిలు, మాంటెసినోస్‌ల ప్రసంగములు అధికారము గలవారి చెవినిబడునట్లు చెప్పబడినవి. తెలుగు దేశమున ఈ బోధ ఊరివెలుపలి గుడిసెలలో వేళ్ళూనినది గనుక దీని కథ వేరు.

తెలుగున ప్రొటెస్టెంటు ప్రబోధమునకు స్థిరమైన ఆరంభము 1805లో లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ అనువారు విశాఖపట్టణమునకు వచ్చుటతో జరిగినది. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యమున వారు సువార్తలను తెలుగు చేయసాగిరి. అంతకు పూర్వమే 18వ శతాబ్దమున ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషను తెలుగుసీమలో ప్రవేశించి, రెడ్డి, కమ్మ కుటుంబములు కొన్నింటిని కతోలిక మతమునకు త్రిప్పినది. ఆ కుటుంబములు తమ కులమర్యాదలను వెంటబెట్టుకొనియే సంఘమున చేరినవి. పురుషోత్తమ చౌదరి (1803-1890) రచించిన కీర్తనలు ప్రబోధమునకు శాస్త్రీయ రాగములను, తెలుగు భక్తికవుల నుడికారమును సంతరించి యిచ్చినవి. చదువురాని శ్రోతలకు ప్రసంగములోని వాక్యముకంటె కీర్తనలోని పల్లవియే చిరకాలము జ్ఞాపకముండును గనుక, దైవభావన సామాన్యజన హృదయములో నాటుకొనుటకు చౌదరిగారు చేసిన మేలు ఏ మిషనరీ చేసిన మేలుకన్నను తక్కువది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

మచిలీబందరునకు 1841లో వచ్చిన మిషనరీ రాబర్టు నోబిల్ మరియొక మార్గము త్రొక్కెను. అగ్రవర్ణములవారు మారినచో తక్కినవారు వారిననుసరింతురను ఆలోచనతో ఆయన 1843లో స్థాపించిన పాఠశాలయందు అంటరానివారిని చేర్చుకొనలేదు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను విద్యార్థులు బాప్తిస్మము పొందగనే పాఠశాల దాదాపు శూన్యమైనది. ఏ కులమునకు నొచ్చునో అని దైవబోధను మలచుకొనినను ఆ కులము కాపాడలేదన్న విషయము ఆనాడే తేటపడినది. నోబిల్ నిస్స్వార్థుడు, జీవితమంతయు ఆ పాఠశాలకే ధారపోసినవాడు. కాని తలుపువద్దనే కొందరిని నిలిపివేసిన బడిలో సర్వమానవ పితయగు దేవుని గూర్చిన పాఠము ఎట్లు పూర్ణమగును?

పై నుండి క్రిందికి దిగునని తలచిన ధార, నిజమునకు క్రిందనుండియే ఊరినది. కృష్ణాతీరమున రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య అను మాలకులస్థుడు, విగ్రహారాధనయందు విశ్వాసము సడలి, నిజదైవమునకై ప్రార్థించుచు తిరిగి, 1859లో బెజవాడయందు డార్లింగను మిషనరీని కలిసికొనెను. వెంకయ్య ద్వారా ఆ ప్రాంతపు మాలపల్లెలలో సువార్త వ్యాపించినది. అంతకన్నను విశేషమైనది యెర్రగుంట్ల పేరయ్య కథ. ఒంగోలు ప్రాంతమున తాళ్ళకొండపాడు నివాసి, చర్మకార వృత్తిగల మాదిగ. గురువుల నాశ్రయించి రాజయోగము నభ్యసించి, తన కులమువారికి తానే గురువై యుండెను. వీరబ్రహ్మము మొదలగు యోగుల బోధలు పల్లెలలో కులగర్వమును ప్రశ్నించుచుండిన నేలయది. అట్టి అన్వేషకుడు 1866లో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మము పొందినాడు. ఈ విషయము మరువరాదు: పేరయ్య శూన్యహృదయముతో మిషనరీ బంగళాకు వచ్చిన వాడు కాడు, దైవజిజ్ఞాసతో పరిపక్వుడైన సాధకుడు. ఆయన పల్లెపల్లెకు కాలినడకన తిరిగి చెప్పిన వాక్యమే ఒంగోలు ఉద్యమమునకు ప్రాణము.

క్లౌ దొర ఒంగోలున కాపురము పెట్టిన తొలిదినములలో అగ్రకులములవారు కొందరు ఆయన బోధ విని, పిల్లలను బడికి పంపుచు స్నేహముగా నుండిరి. మాదిగలు బాప్తిస్మమునకు రాగానే వారు అభ్యంతరము చెప్పి, వీరిని చేర్చుకొన్నచో మేము రామని తెగేసి పలికిరి. దొరయు ఆయన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము, లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము కంటబడినదని క్లౌ స్వయముగా వ్రాసికొనెను. దానిని దైవసంకేతముగా గ్రహించినను, యాదృచ్ఛికముగా తలచినను, ఆనాడు చేసిన నిర్ణయము చరిత్రగతిని మార్చినదనుటలో సందేహము లేదు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడున 28 మంది బాప్తిస్మము పొందిరి.

కొత్త విశ్వాసులకు క్లౌ విధించిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు; చచ్చిన పశువు మాంసము తినరాదు; విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు ఇవి స్వల్పములు. కాని ఊరిజాతరలలో డప్పు కొట్టుటయు, చచ్చిన పశువును ఎత్తివేయుటయు మాదిగల వెట్టి బాధ్యతలైన కాలమున ఈ మూడు నియమములను పాటించుట యనగా ఊరి కట్టుబాటును ధిక్కరించుటయే. గ్రామపెద్దలు కూలిపని మాన్పించిరి, మంచినీటి తావులకు రానీయరైరి, అంగళ్ళలో సరుకు దొరకకుండ చేసిరి. ఒక్క దేవుడున్నాడు, ఆయన దృష్టిలో నీవును ఊరిపెద్దయు సమానులేయన్న బోధ వినిన మనిషి, ఆ మరునాడే దాని మూల్యమును చెల్లింపవలసి వచ్చెను.

1876-78 సంవత్సరముల మహాక్షామము ఈ ప్రబోధమునకు అగ్నిపరీక్ష. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనము ఆకలిచేతను విషూచిచేతను మరణించిరి. సర్వేవిద్య నేర్చిన క్లౌ, ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసికొని, కరవుపీడితులకు కూలి కల్పించెను. ఆయన బోధకులే మేస్త్రులై మట్టిపనిని చేయించుచు, అలసి కూర్చుండినవారి నడుమ చేరి వాక్యము చెప్పుచుండిరి. ప్రయాసపడి భారము మోయుచున్నవారిని తనయొద్దకు రమ్మను క్రీస్తు పిలుపే అచ్చట తరచుగా వినవచ్చిన వాక్యము. తట్టనెత్తిన వానికి ఆ మాటను ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. అన్నమునకై మతము మార్చుకొనిరన్న అపవాదు రాకూడదని క్లౌ ఆ కరవుపనులు సాగినంత కాలము బాప్తిస్మము నిచ్చుటను నిలిపివేసెను. పనులు ముగిసిన పిమ్మట సైతము జనము తగ్గలేదు. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియందు వెల్లంపల్లివద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు ఈ సంఖ్య 9,606.

ఈ సంఘటనపై రెండు తీర్పులున్నవి. దయ చూపిన చేతిని ముద్దాడుటకై వచ్చినవారే కాని దేవునికొఱకు వచ్చినవారు కారని కొందరు. పరిశుద్ధాత్మ కార్యమని కొందరు. రెండును ఆ జనుల మనస్సును సరిగా లెక్కించినవి కావు. అంతకు పూర్వము పదేండ్లుగా పేరయ్యవంటివారు చెప్పిన వాక్యము పల్లెలలో నానుచుండినది. ఆకలిగొన్నప్పుడు గంజి పోసి, మరణించినప్పుడు పూడ్చి, మనిషి పేరు పెట్టి పిలిచిన బోధకుడు చెప్పు దేవుడు నమ్మదగినవాడని జనము నిశ్చయించుకొనినది. దేహము ఆకలియు ఆత్మ ఆకలియు వేరుపరుపజాలని స్థితిలో నున్నవానిని, నీ విశ్వాసమున ఏపాలు శుద్ధమైనదని ప్రశ్నించుట న్యాయము కాదు.

ఆంగ్లికను సంఘమున వేదనాయకము శామ్యూల్ అజరయ్య (1874-1945) చేసిన సేవ ఈ చరిత్రలో మరియొక శిఖరము. తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున నాడారు కుటుంబమున పుట్టిన ఆయన, 1909లో నైజాము రాజ్యములోని డోర్నకలునకు వచ్చి తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తాయందు అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయ్యెను. బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను తన తలపై తానే చేయి నుంచుకొనజేసి, సువార్త చెప్పకున్నచో తనకు శ్రమ యని పలికించెడివాడు. పాలేరుకును, కూలికిని ప్రసంగించు హక్కు కలదని, అది దొరలదిగాని పండితులదిగాని సొత్తు కాదని దీని భావము. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయమున ఆయన హిందూ దేవాలయ, మసీదు శిల్పరీతులను క్రైస్తవ నిర్మాణముతో సమన్వయింపజేసెను. మాల మాదిగల వైరము సంఘములోనికి వచ్చుట ఆయనకు తీవ్రమైన ఆవేదన కలిగించినది; క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కోరుటను సైతము ఆయన వ్యతిరేకించెను. సామూహిక మతపరివర్తనమునందు ఆధ్యాత్మికత లేదని 1930లలో గాంధీజీ వాదించినపుడు, బీదలకు ఆత్మకును గౌరవమునకును సంబంధించిన ఆకాంక్షలు గలవని అజరయ్య ప్రత్యుత్తరమిచ్చెను. మహాత్ముని భయములో సత్యము లేకపోలేదు. కాని మనిషిగా నిలువబడవలెనను కోరికయే ఆధ్యాత్మికమైన కోరిక యని అజరయ్య గ్రహించినంతగా ఆయన గ్రహింపలేదని చెప్పక తప్పదు.

సంఘముయొక్క అంతర్గత చరిత్ర ఇంత ఉజ్జ్వలమైనది కాదు. ఒంగోలు నెల్లూరు ప్రాంతములలో బాప్టిస్టులు మాదిగలలోను, కడప కర్నూలు సీమలలో లండను మిషను మాలలలోను విశేషముగా వ్యాపించుటచే, సంఘభేదము కులభేదమునకు కొత్త పేరు కాసాగెను. ఒకే గ్రామమున ఇరువర్గముల విశ్వాసులకు రెండు ప్రార్థనామందిరములు, రెండు శ్మశానములు, పెండ్లిసంబంధములు లేని రెండు వాడలు. కతోలిక సంఘములలో రెడ్డి, కమ్మ కుటుంబములవారికిని దళితులకును మధ్య దూరము దీర్ఘకాలము నిలిచినది. ఇట్టి సంఘమున క్రీస్తునందు యూదుడును గ్రీసు దేశస్థుడును లేడను పౌలు మాటపై ప్రసంగించుట ధైర్యము గల పనియే. శ్రోతలలో చాలమంది ఆ వాక్యమును విని తలయూపి, ప్రభుభోజనమప్పుడు వరుస తప్పి కూర్చుండిన వాని వైపు చూచి కలవరపడుచుందురు. పేరుపొందిన ప్రసంగికులనేకులు యూదుడు గ్రీకు అని దూరదేశపు జాతుల పేర్లతో ఆపివేసిరి. మాల, మాదిగ, రెడ్డి, కమ్మ యని నోరారా చెప్పినవారు తక్కువ.

మహాకవి గుఱ్ఱం జాషువ (1895-1971) ప్రసంగికుడు కాడు; అయినను దైవమును గూర్చి ఈ సమాజమున అత్యంత సూటియైన ప్రశ్న ఆయన కలము నుండియే వెలువడినది. వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఆయన 1941లో వెలువరించిన ‘గబ్బిలము’ కావ్యమున, ఆలయప్రవేశము లేని అనాథుడు, గుడిలో వ్రేలాడు స్వేచ్ఛగల గబ్బిలమును శివునికి దూతగా పంపును. కట్టుబాటు దేవుని యొద్దకు పోనీయనప్పుడు మనిషి మొరను ఎవరు మోసికొనిపోవుదురను ఆయన ప్రశ్నను క్రైస్తవ వేదిక సయితము తనదిగా స్వీకరింపవలసి యుండెను. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

స్వాతంత్ర్యానంతరము 1950లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తర్వు, హిందువులు కాని దళితులను షెడ్యూల్డు కులముల పట్టికనుండి తొలగించినది. తరువాత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తించినది కాని క్రైస్తవులకు వర్తింపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతము మారిన షెడ్యూల్డు కులములవారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగమున 1 శాతము రిజర్వేషనుతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. దీనివలన సర్టిఫికెట్టునందు హిందువుగను, సంఘ రిజిస్టరునందు క్రైస్తవుడుగను బ్రతుకవలసిన అవస్థ లక్షలమందికి కలిగినది. ఆదివారము ఉదయము సత్యమును ప్రకటించి, అదే జనమునకు సోమవారము ఏ కాగితముపై ఏ పేరు వ్రాయవలెనో చెప్పజాలని మనస్తాపమును ఎందరో పాదిరులు అనుభవించియున్నారు.

1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడున మాదిగలు ఆరుగురును, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరున మాలలు ఎనిమిదిమందియు భూస్వామ్య కులములవారిచే హత్యగావింపబడిరి. ఈ రెండు పల్లెలలోను క్రైస్తవులు గలరు. ఆ దినములలో దేవుడు ఎచ్చటనుండెనని అడిగిన తల్లికి, ఓర్చుకొనుమను నిత్యోపదేశము చాలలేదు. అంతకుముందే, 1981లో బెంగుళూరు ఐక్య వేదాంత కళాశాలయందు అరవింద్ పి. నిర్మల్ చేసిన ఉపన్యాసముతో దళిత వేదాంతము చర్చకు వచ్చియుండెను. దేవుడు బాధితుల చరిత్రనుండి మాటలాడుననియు, యేసు స్వయముగా ద్రోసివేయబడినవాడనియు అది ప్రతిపాదించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1964లో నెలకొనిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలగు సంస్థలలో ఈ చర్చ క్రమముగా ప్రవేశించినది. కళాశాలలో నేర్చినదంతయు పల్లె వేదికకు దిగుటకు మాత్రము దీర్ఘకాలము పట్టుచున్నది. ఏలయనగా సంఘపు కమిటీలో భూమిగలవాని మాట చెల్లును.

సిద్ధాంతగ్రంథములకన్నను శుభశుక్రవారపు ఆరాధన, దేవుడు బాధితులతో నుండునను భావమును జనసామాన్యములో ఎక్కువగా నిలిపినది. ఆనాడు మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవరకు సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగికులు వివరించుట తెలుగు సంఘములలో ఆచారము. అధ్యాపకులు, గృహిణులు, కూలివారు సైతము ఇందు పాలుగొందురు. తన దేవుడు తన్ను ఏల చేయి విడిచెనని యేసు మొరపెట్టిన నాల్గవ మాటకు వచ్చునప్పటికి మందిరము నిశ్శబ్దమగును. ఒకరు పూర్ణమైన తర్కముతోను, మరియొకరు కన్నీటితోను చెప్పుదురు. సంవత్సరమంతయు సుఖదుఃఖములను దైవసంకల్పమని సర్దిచెప్పుకొను జనము, ఆ ఒక్కగంట దేవుని కుమారుడే ప్రశ్నించెను గనుక తాము ప్రశ్నింపవచ్చునని గ్రహింతురు. ఈ ఆచారమునకు తెలుగు ప్రబోధ చరిత్రలో తగినంత గుర్తింపు రాలేదు.

సంస్థాపిత సంఘములకు వెలుపల మరి రెండు ధారలు పారినవి. ముంగమూరి దేవదాసు 1938లో స్థాపించిన బైబిలు మిషను, ప్రార్థనచే స్వస్థతను, వినయమైన స్తుతిని బోధించినది. వైద్యము అందని బీదలు అచ్చట ఊరట పొందిరి. పంజాబునుండి వచ్చిన బక్తసింగు (1903-2000) హైదరాబాదున హెబ్రోను కేంద్రమునుండి నడిపిన పరిశుద్ధ కూడికలలో వేలకొలది జనులు నేలమీద పంక్తికట్టి కూర్చుండి కలిసి భుజించెడివారు. కులమును గూర్చి ప్రసంగము చేయని దినమున సైతము ఆ పంక్తి ప్రసంగమే.

నేటి దూరదర్శన ప్రసంగములలోను బహిరంగ సభలలోను కానుక ఇచ్చినవానికి ధనము, విశ్వసించినవానికి ఆరోగ్యము తప్పక లభించునను బోధ బలమైయున్నది. దీనివలన రోగము మానని బీదవాడు తన విశ్వాసమే తక్కువయని కుమిలిపోవును. బాధితుని దోషిని చేయు ఈ సిద్ధాంతము యోబు స్నేహితులు చెప్పినదే, దానిని దేవుడే ఖండించెనని ఆ గ్రంథము తెలుపుచున్నది. ఇట్టి బోధ తప్పు అని విద్యావంతులైన పాదిరులు స్పష్టముగా చెప్పవలెను.

ప్రబోధమును స్త్రీలు మొదటినుండియు మోసినవారే. బైబిలు స్త్రీలని పిలువబడిన వారు ఇల్లిల్లు తిరిగి, పురుషబోధకులు ప్రవేశింపరాని ఆవరణలలో వాక్యము చెప్పిరి; పేరయ్య భార్య నాగమ్మయు ఈ కోవలోనిదే. దక్షిణ భారత సంఘమున 2013 సెప్టెంబరు 30న నంద్యాల డయోసిసునందు యెగ్గోని పుష్పలలిత అభిషిక్తురాలై, ఆ సంఘమున ప్రప్రథమ మహిళా బిషప్పయినారు. కులవిషయమునను ఇట్టి తొలి అడుగు పడినది: కతోలిక సంఘమున హైదరాబాదు ఆర్చిబిషప్పు ఆంథోనీ పూల 2022 ఆగస్టులో కార్డినలై, ఆ పదవి నలంకరించిన తొలి దళితుడైనారు.

ఇంత చరిత్రను చెప్పినను మనకు దొరకిన ఆధారము చాలవరకు పాశ్చాత్యుల రచనలనుండి వచ్చినదే. పేరయ్య యేమి చెప్పెనో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను రచయిత్రి 1899లో ఆంగ్లమున ప్రకటించిన గ్రంథము మూలముననే ఎక్కువగా తెలియవచ్చుచున్నది. పల్లెబోధకులు వ్రాసికొన్న ప్రసంగపు నోటుపుస్తకములు, చేతివ్రాత కీర్తనల పుస్తకములు, సంఘపు రిజిస్టర్లు చెదలకును వరదలకును ఆహుతి కాకముందే, ఇంట నున్నవారు వాటిని వేదాంత కళాశాలల గ్రంథాలయములకో జిల్లా గ్రంథాలయములకో అప్పగించుటయు, విశ్వవిద్యాలయములు వాటిని సేకరించి అచ్చు వేయించుటయు వెంటనే చేయవలసిన పని.